తాగుడు మాన్పించడం ముందా, చిన్ననాటి గాయానికి వైద్యం ముందా?

అక్కగా మీరు రాసిన ఉత్తరాన్నిబట్టి సంగతి ఇది. తమ్ముడికి 34 ఏళ్లు, భార్య, ఎనిమిదేళ్ల పాప ఉన్నారు. గాజువాక దగ్గర ఇల్లు, ప్లాంటులో కాంట్రాక్టు పని, షిఫ్టులు. ఐదారేళ్లుగా రోజూ తాగుతున్నాడు. ఇప్పుడు రోజుకు హాఫ్ బాటిల్ మందు, అందులో ఒక పెగ్గు పొద్దున్నే, చేతుల వణుకు ఆగడానికి. కిందటేడు అయ్యప్ప మాల వేసిన రెండో రోజే ఫిట్స్ వచ్చి మాల తీసేశారు. తర్వాత ఒకసారి మూడు వారాలు మానాడు గానీ, నాన్న బెల్టు తీస్తున్నట్టు కలలొచ్చి అర్ధరాత్రి కేకలు పెట్టి లేచేవాడు, మళ్లీ మొదలుపెట్టాడు. చిన్నప్పుడు మీ నాన్నగారు తాగొచ్చి అమ్మనీ మీ ఇద్దరినీ కొట్టేవారు. ఆయనిప్పుడు మెత్తబడి అదే ఇంట్లో ఉన్నారు. మరదలికి ఎవరో కూరలో కలిపే పొడి ఇస్తామన్నారు. ఊరి బయట తాగుడు మాన్పించే సెంటరువాళ్లు అతన్ని మూడు నెలలు తమ దగ్గర వదిలేయమన్నారు. "చిన్నప్పటివి గుర్తొస్తాయనే తాగుతున్నా" అన్న మాట సాకా, నిజమా అని మీ అనుమానం.

తెలుగులో సారాకీ జ్వరం బిళ్లకీ ఒకటే మాట, మందు. మీ తమ్ముడి విషయంలో ఆ మాట అక్షరాలా సరిపోతుంది. భయంతో పెరిగిన పిల్లాడి ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటుంది. గేటు చప్పుడైతే చాలు గుండె దడ. మొదటిసారి తాగిన రోజు ఆ కాపలా కాసేపు ఆగుతుంది. చాలామంది ఈ సంగతి చెప్పేటప్పుడు "మత్తు" అనరు, "ప్రశాంతం" అంటారు. కాబట్టి గాయం నిజం. ఆ గాయాన్ని అడ్డం పెట్టుకుని ఇంకో పెగ్గు పోసుకోవడమూ నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. వాదించి ఏదో ఒకటే అని తేల్చాలని చూడకండి.

1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు వేలమంది పెద్దవాళ్లను చిన్నప్పటి సంగతులు అడిగి ఒక అధ్యయనం ప్రచురించారు. దెబ్బలు, లైంగిక హింస, తల్లిని కొట్టడం చూడటం, ఇంట్లో తాగేవాళ్లుండటం వంటి రకాల్లో నాలుగు గానీ అంతకు మించి గానీ అనుభవించినవాళ్లలో తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యా యత్నం ముప్పు, అవేమీ లేనివాళ్లకంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. అయితే అది గుంపు లెక్క, జాతకం కాదు. మీరూ అదే ఇంట్లో పెరిగారు, తాగలేదు.

ఇక ఏది ముందు? ముందు ఒళ్లు, ఆ తర్వాత నిద్ర, ఆ తర్వాత జ్ఞాపకం. ఈ వరుస తప్పితే ప్రమాదం. కానీ మూడోదాన్ని "ముందు పూర్తిగా మాననీ, తర్వాత చూద్దాం" అని ఏళ్ల తరబడి వాయిదా వేస్తే మొదటి రెండూ నిలవవు. మూడో వారంలో మీ తమ్ముడు మళ్లీ తాగింది సంకల్పం లేక కాదు. ఉన్న ఒక్క మందూ లాగేసి, దాని చోట ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ముందు లెక్క. మన షాపుల్లో దొరికే విస్కీ, బ్రాందీలు 42.8 శాతం. 30 మి.లీ.లో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, డాక్టర్లు దాన్ని ఒక యూనిట్ అంటారు. క్వార్టర్‌కి 6 యూనిట్లు, హాఫ్‌కి 12. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు 8 శాతమైతే ఒక్క సీసాకే 4. అంటే "ఇప్పుడు బీరుకి మారాను" అని మూడు సీసాలు తాగితే అది హాఫే. 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది కాబట్టి ఖర్చును బట్టి అంచనా వేయకండి, మి.లీ.లు అడగండి.

రోజుకు 12 యూనిట్లు, పొద్దున్నే వణుకు, ఒకసారి ఫిట్స్. ఈ మూడూ ఉన్న మనిషి ఇంట్లో ఉన్నపళంగా మానకూడదు. ఇందులో బేరం లేదు. పొద్దున తాగకుండా ఉండగలిగి, ఎప్పుడూ ఫిట్స్ రాక, లివర్ జబ్బు లేక, తోడుగా ఒక మనిషి ఉండి, రోజూ డాక్టర్ చూసే వీలుంటే ఇంట్లోనే మాన్పించవచ్చు. మీ తమ్ముడు ఆ కోవలోకి రాడు. పైగా ఇలా ఒక్కసారిగా ఆపి, మళ్లీ తాగి, మళ్లీ ఆపిన కొద్దీ నరాల తిరుగుబాటు పెరుగుతుంది, పోయినసారి కన్నా ఈసారి గట్టిగా వస్తుంది. అందుకే మాల అన్నా, సింహాద్రి అప్పన్న మీద ఒట్టు అన్నా వద్దంటాను. భక్తి మీద చిన్నచూపుతో అంటున్నమాట కాదు. మాల వేసుకోవాలని ఉంటే ముందు వార్డులో వారం పది రోజులుండి, ఒళ్లు తేరుకున్నాక వేసుకోమనండి. ఇరుముడి దించిన రోజు సాయంత్రానికి ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టుకోమనండి. 41 రోజులు నిలబడ్డవాళ్లు ఎక్కువగా జారేది ఆ సాయంత్రమే.

ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా సీసా లాక్కోకండి, ఇప్పుడు తాగుతున్నంతే తాగనివ్వండి. బండి మాత్రం నడపనివ్వకండి.

ఆపాక ఏమవుతుందో గంటల లెక్కన తెలిసి ఉండటం మంచిది. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వికారం, చికాకు. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. అసలు గండం రెండో రోజు రాత్రి నుంచి నాలుగో రోజు దాకా. ఎలా ఉంటుందంటే, మనిషి మంచం మీద కూర్చుని దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతుంటాడు. మిమ్మల్ని చూసి ఎవరి పేరో పిలుస్తాడు. ఇంట్లోనే ఉండి "డ్యూటీకి టైమైంది, గేటు తీయండి" అంటాడు. గోడ మీద పాకుతున్నదేదో చూపిస్తాడు. ఒళ్లు కాలిపోతుంటుంది, గుండె పరుగెడుతుంటుంది. చాలా ఇళ్లలో దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టిస్తారు. దీని పేరు డెలీరియం ట్రెమెన్స్. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. అది కనిపించిన క్షణం 108. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఏవీ పనికిరావు.

విశాఖలో మద్యం చికిత్సకు ప్రభుత్వం వైపు నుంచి చిన వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పేరు చూసి "మావాడికి పిచ్చి లేదు" అని వెనక్కి తగ్గకండి, ఇలాంటి కేసులు అక్కడ రోజువారీ. ఉదయం ఓపీ వేళకే వెళ్లండి. ఫిట్సో, మనుషుల్ని గుర్తుపట్టకపోవడమో, రక్తపు వాంతులో ఉంటే మాత్రం అటు కాదు, నేరుగా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి, లేదా ఎమర్జెన్సీ ఉన్న దగ్గరి ఆసుపత్రికి. ఎటు వెళ్లాలో తేలకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. మత్తు విషయాలకే వేరుగా 14446 ఉంది.

వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసి జేబులో పెట్టుకోండి. రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా, చివరిసారి తాగింది ఏ తేదీ ఏ గంటకు, ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, షుగర్ బీపీ మాత్రలేమున్నాయి, నిద్ర మాత్రలు వాడాడా, గంజాయి ఉందా. చివరి రెండూ సిగ్గుపడి దాస్తారు. అల్ప్రజోలం లాంటి నిద్రమాత్ర అలవాటుంటే డాక్టర్ మందు లెక్కే మారిపోతుంది. చివరి పెగ్గు గంట కూడా ముఖ్యమే, దాన్నిబట్టే ఏ రాత్రి జాగ్రత్తగా ఉండాలో వాళ్లకు తెలుస్తుంది.

వార్డులో వణుకు, ఫిట్స్ అదుపులో ఉంచడానికి క్లోర్‌డయాజెపాక్సైడ్ ఇస్తారు, లివర్ బాగా దెబ్బతిని ఉంటే లోరాజెపామ్. మొదటి రోజు మోతాదు ఎక్కువగా ఉంటుంది, రోజూ కొంత తగ్గించుకుంటూ ఐదు నుంచి ఏడు రోజుల్లో ఆపేస్తారు. ఇదే మందు మెడికల్ షాపులో కొని ఇంట్లో వేస్తే రెండు విధాల చెడుతుంది. ఒకటి, పైన తాగితే ఊపిరి మందగిస్తుంది. రెండు, ఆపాల్సిన రోజు ఆపేవాళ్లుండరు, ఆర్నెల్లకు అదొక కొత్త అలవాటు.

ఇంకో మాట, దీనికి పెద్దగా ప్రచారం లేదు. తాగేవాళ్ల ఒంట్లో విటమిన్ బి1, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. నీరసంగా ఉన్నాడని వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సెలైన్ ఎక్కించడం మన దగ్గర మామూలు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న ఆ కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. కళ్లు నిలవకుండా కదలడం, తూలుతూ నడవడం, తికమక పడటం దాని గుర్తులు. ఆలస్యమైతే కొత్త సంగతులు గుర్తుండని స్థితి శాశ్వతంగా మిగలవచ్చు. అందుకే ముందు థయమిన్ ఇంజక్షన్, తర్వాతే గ్లూకోజు. "బి1 వేశారా?" అని ఒక్క మాట అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా ఫర్వాలేదు.

ఉద్యోగం పోతుందన్న భయం ఉంటుంది. ఈఎస్‌ఐ కార్డు ఉంటే, చందా రోజులు సరిపోతే, ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్ మీద సెలవు రోజులకు 70 శాతం వేతనం, ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. మల్కాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. చేరక ముందే ఆ కాగితాల పని చూసుకోండి.

డిశ్చార్జి అయ్యాక వాడే మందులు ముఖ్యంగా మూడు. నాల్ట్రెక్సోన్ 50 మి.గ్రా. రోజుకొకటి, తాగినా మునుపటంత హాయి అనిపించదు, యావ తగ్గుతుంది. మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష చేస్తారు. ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే ఇది కుదరదు. అకాంప్రొసేట్ 333 మి.గ్రా. మాత్రలు మామూలుగా పూటకు రెండు, మూడు పూటలు, కిడ్నీ పరీక్ష చూసి ఇస్తారు. లివర్ బాగోలేనివాళ్లకు ఇదే మేలు. కాకపోతే షిఫ్టు పనివాళ్లు మధ్యాహ్నం మాత్ర మరిచిపోతారు, టిఫిన్ బాక్సులోనే పెట్టి పంపాలి. ఈ రెండింటినీ జారి తాగిన రోజు కూడా ఆపనక్కరలేదు.

మూడోది డైసల్ఫిరామ్. మీ మరదలికి ఇస్తామన్న పొడి చాలావరకు ఇదే అయి ఉంటుంది, లేదా ఇంకేదో పసరు. ఇది వేసుకున్న మనిషి తాగితే మొహం కందగడ్డలా ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులు, బీపీ పడిపోతుంది. తాగితే ఏమవుతుందో తెలిసి, ఒప్పుకుని, ఎదురుగా ఒకరు చూస్తుండగా వేసుకునేవాడికి ఇది మంచి కంచె. తెలియకుండా పులుసులో కలిపితే ఆ రాత్రి అతను మామూలుగా హాఫ్ తాగుతాడు, గుండె బలహీనంగా ఉంటే అదే ఆఖరి రాత్రి కావచ్చు. ఆపిన రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది. ఇది వాడేవాళ్లు కొన్ని దగ్గు సిరప్పులు, ఆయుర్వేదంలోని ఆసవాలు, అరిష్టాలు కూడా తాగకూడదు, వాటిలోనూ ఆల్కహాల్ ఉంటుంది. పైగా అన్నంలో ఏదో కలిపారని ఒక్కసారి తెలిస్తే, చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల మీద నమ్మకం పోయిన మనిషి ఆ ఇంట్లో ఇక ముద్ద నమ్మి తినడు. మరదలికి ఈ మాటే చెప్పండి.

ఇప్పుడు మూడో వారం. అసలు కథ ఇక్కడే.

తాగి పడుకున్న నిద్రలో కలల దశ అణిగి ఉంటుంది. మానగానే ఆ దశ వడ్డీతో సహా తిరిగొస్తుంది. మామూలు మనిషికి వింత కలలొస్తాయి, మీ తమ్ముడికి బెల్టు వస్తుంది. నిద్ర గాడిన పడటానికి వారాలు కాదు, కొందరికి నెలలు పడుతుంది. ఈ సంగతి ముందే అతనికీ మరదలికీ చెప్పి ఉంచితే సగం భయం పోతుంది. "మానాక బాగుపడాలి గదా, ఇలా అయ్యాడేంటి" అని ఇంట్లోవాళ్లు అనుకునే సమయం ఇదే. "తాగినప్పుడే నయం, కనీసం పడుకునేవాడు" అన్న మాట పొరపాటున కూడా రానివ్వకండి.

అర్ధరాత్రి కేకతో లేచినప్పుడు ఏం చేయాలి? ముట్టుకోకండి, ముఖ్యంగా వెనక నుంచి. లైటు వేయండి. నాలుగడుగుల దూరం నుంచి పేరు పెట్టి పిలవండి. కాళ్లు మంచం దించి నేలకు ఆనించమనండి. మొహం మీద చన్నీళ్లు. అతనే పైకి చెప్పాలి: "ఈ రోజు ఫలానా తేదీ. నాకు 34 ఏళ్లు. ఇది నా ఇల్లు. ఈ తలుపు గడియ నా చేతిలో ఉంది." పిచ్చిగా అనిపిస్తుంది గానీ, కలలో అతను ఎనిమిదేళ్ల పిల్లాడు. తేదీ, వయసు, గడియ చెబితే ఒళ్లు ఇప్పటి కాలానికి వస్తుంది. తర్వాత గదిలో కనబడే ఐదు వస్తువులు, వినబడే మూడు చప్పుళ్లు లెక్కపెట్టాలి. కల ఏమిటో అడగకండి. అది ఆ వేళ మాట్లాడే విషయం కాదు.

కళ్లు మూసుకుని ధ్యానం చేయమని చాలామంది చెబుతారు. ఇలాంటివాళ్లలో కొందరికి కళ్లు మూయగానే అవే బొమ్మలు వస్తాయి, కంగారు రెట్టింపవుతుంది. వాళ్లకు కళ్లు తెరిచి చేసే పనే మేలు. పొద్దున బీచ్ రోడ్డు మీద నడక, నడుస్తూ అలల లెక్క. కూరగాయలు తరగడం కూడా పనికొస్తుంది.

సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య గంటల్ని నిమిషాల లెక్కన చూడాలి. మీ ఇంట్లో చిన్నప్పుడు నాన్న వచ్చే వేళ అదే అయి ఉంటుంది. ఇప్పుడు మీ తమ్ముడు సీసా తెరిచే వేళా అదే. ఇది కాకతాళీయం కాదు. షిఫ్టు బస్సు దిగిన చోటి నుంచి ఇంటిదాకా నడిచి చూడండి. వైన్ షాపు ఎక్కడ, పకోడీ బండి ఎక్కడ, తోటి తాగేవాళ్లు నిలబడే కిళ్లీ కొట్టు ఎక్కడ. దారి మార్చడం, లేదా ఒక స్టాపు ముందే మరదలు పాపతో ఎదురు రావడం మొదటి నెలన్నర పనిచేస్తుంది. కడుపు ఖాళీగా ఇంటికి రాకూడదు. బస్సులోనే రెండు అరటిపండ్లో గుప్పెడు పల్లీలో తినాలి, ఆకలిని యావగా పొరబడటం మామూలే. యావ వచ్చాక అలలాగా పెరిగి, సుమారు 15 నుంచి 30 నిమిషాల్లో దిగుతుంది. ఆ అరగంటకు ఫోన్ చేయడానికి ముగ్గురి నంబర్లు, చేయడానికి ఒక చేతిపని సిద్ధంగా ఉండాలి. ఏటీఎం కార్డు అతనే అడిగి మరదలికి ఇస్తే మంచిదే. మీరు లాక్కుంటే మాత్రం అది ఇంకో బెల్టు.

వారానికి ఒకసారైనా ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకు వెళ్లమనండి. 1935లో అమెరికాలో మొదలైన సంఘం, విశాఖలోనూ మీటింగులు జరుగుతాయి, రుసుము లేదు. మొదటిసారి మాట్లాడాల్సిన పనిలేదు, వెనక కుర్చీలో కూర్చుని రావచ్చు. దేవుడి మాట ఎక్కువుందని కొందరికి నచ్చదు. నచ్చకపోతే వదిలేయొచ్చు, అదొక్కటే దారి కాదు. అయితే చిన్నప్పటి దెబ్బల వివరాలు అక్కడ విప్పవద్దు. అది ఆ పనికి పెట్టిన చోటు కాదు.

ఆ వివరాలు ఎప్పుడు, ఎవరి దగ్గర విప్పాలి? ఒకప్పుడు ఏడాది మానితే గానీ ముట్టుకోకూడదనేవారు. ఇప్పుడు ఆ మాట నిలబడటం లేదు, రెండింటినీ కలిపి చికిత్స చేసిన చోట తాగుడు పెరగలేదని తేలింది. నేను చూడమనేది క్యాలెండరును కాదు. రాత్రికి ఐదారు గంటలు నిద్ర పడుతోందా, కంగారు వచ్చినప్పుడు తనంతట తాను దించుకోగలుగుతున్నాడా, చావు ఆలోచనలు లేవా, ఉండేచోట ఇప్పుడు ఎవరూ కొట్టడం లేదా. ఈ నాలుగూ కుదిరితే మొదలుపెట్టవచ్చు. చాలామందికి ఒకటిన్నర నుంచి మూడు నెలలు పట్టవచ్చు. అప్పటిదాకా కౌన్సెలర్ దగ్గరకు వెళ్లకూడదని కాదు. వెళ్లాలి, కానీ పని నిద్ర మీద, యావ మీద, కోపం మీద జరగాలి.

మొదలయ్యాక ట్రామాకు, అంటే ఇలాంటి మనసు గాయానికి, ప్రత్యేకించిన చికిత్సలే అడగండి. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (భయపెట్టే జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనే పద్ధతి) అయితే 8 నుంచి 15 సెషన్లు, సీపీటీ (ఆ గాయం నాటిన నమ్మకాలను సరిచూసుకునే పద్ధతి) అయితే సాధారణంగా 12, ఇవి కాక ఈఎండీఆర్ (కళ్ల కదలికలతో చేసే చికిత్స) ఉంది. ఏళ్ల తరబడి ఇంట్లోనే జరిగిన హింసకు ఇంకా ఎక్కువే పడుతుంది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీనికి కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని వేరే పేరు పెట్టారు. పీడకలలు, ఉలికిపాటుతోపాటు "నేను పనికిరానివాణ్ని" అన్న నమ్మకం, కోపం అదుపు తప్పడం, దగ్గరివాళ్లతో కలిసి ఉండలేకపోవడం దాని లక్షణాలు. నిద్రకూ కంగారుకూ అల్ప్రజోలం రాసి పంపేయడం దీనికి వైద్యం కాదు. మందు అవసరమైతే సెర్ట్రలిన్ వంటి డిప్రెషన్ మాత్రలు సైకియాట్రిస్టు చూసి ఇస్తారు.

క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగండి. బోర్డు మీద "సైకాలజిస్ట్" అని ఉన్నంత మాత్రాన కాదు. మొదటి సెషన్‌లోనే అన్నీ చెప్పమని తవ్వేవాళ్లు, హిప్నాటిజంతో మరిచిపోయినవి బయటికి తీస్తామనేవాళ్లు, "ముందు మీ నాన్నను క్షమించండి" అనేవాళ్లు ఎదురైతే లేచి వచ్చేయొచ్చు. సెషన్ శనివారం సాయంత్రం పెట్టించుకోకండి. మర్నాడు సెలవు, దారిలో షాపు, మనసు పచ్చిపుండు. పొద్దున పెట్టించుకుని, తర్వాత రెండు గంటలు ఎవరో ఒకరు తోడుండండి. మొదటి మూడు నాలుగు సెషన్ల తర్వాత కలలు కాస్త పెరుగుతాయి, అది మామూలే. తాగడమో, చేయి కోసుకోవడమో మొదలైతే మాత్రం వేగం తగ్గించమని చెప్పాలి.

ఊరి బయట సెంటరు గురించి. తాగుడు అలవాటుకు చేర్చుకుని వైద్యం చేసే చోటు కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తుంది, రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. గొలుసులతో కట్టడం చట్టప్రకారం నిషేధం. ఫోన్ మాట్లాడే హక్కు రోగికి ఉంది. ఇష్టం లేకుండా చేర్చాలంటే సైకియాట్రిస్టుతో కలిపి ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, అదీ మొదట 30 రోజులకు మించకూడదు. "మూడు నెలలు, ఫోన్ ఉండదు, మావాళ్లే వచ్చి వ్యానులో ఎత్తుకెళ్తారు" అనేచోటుకి, చిన్నప్పుడు గదిలో వేసి కొట్టించుకున్న మనిషిని పంపడమంటే ఆ గదికే మళ్లీ పంపడం. రాత్రి డ్యూటీ డాక్టర్ ఎవరు, ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అని రెండు ప్రశ్నలు అడిగి చూడండి. తడబడితే అక్కడితో ఆపేయండి.

మీ నాన్నగారి సంగతి. ఆయన మెత్తబడ్డారు, నిజమే. మీ తమ్ముడి నిద్రలో ఉన్నది మెత్తబడని నాన్న. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఇద్దరినీ కలపాలని చూడకండి, కాళ్లు పట్టించడాలూ వద్దు. ఆసుపత్రికి తోడుగా ఆయన్ను పంపకండి. మొదటి మూడు నెలలు ఆయన మీ ఇంట్లో ఉండగలిగితే అన్నిటికన్నా మేలు. కుదరకపోతే భోజనాల వేళలు వేరు చేయండి, పడక గదులు ఎదురెదురుగా లేకుండా చూడండి. ఆయన ఇప్పటికీ పండక్కో పబ్బానికో కొద్దిగా పుచ్చుకునే మనిషైతే, ఆ సీసా ఆ ఇంట్లో ఉండకూడదు. క్షమించాలా వద్దా అన్నది మీ తమ్ముడు ఎప్పుడో తేల్చుకుంటాడు, తేల్చుకోకపోయినా చికిత్స ఆగదు.

జారిపోవడం జరగొచ్చు. "ఒక్క పెగ్గు పడింది, ఇక అంతా పోయినట్టే" అన్న ఆలోచనే ఒక పెగ్గును హాఫ్ చేస్తుంది. చిన్నప్పటి నుంచి పనికిరానివాడివని విన్నవాడికి ఆ ఆలోచన మరీ తొందరగా వస్తుంది. ఒట్లు వద్దనడానికి ఇంకో కారణం ఇదే. తాగి ఉన్నప్పుడు ఏమీ మాట్లాడకండి, మర్నాడు పొద్దున "నిన్న ఏ గంటకు మొదలైంది, దానికి ముందు ఏం జరిగింది" అని మాత్రం అడగండి. అదే రోజు డాక్టర్‌కి ఫోన్. వారం పది రోజులు వరసగా తాగితే మళ్లీ ఇంట్లో ఆపడం వద్దు, వార్డుకే. "చచ్చిపోతే పీడ పోతుంది" లాంటి మాట వస్తే బెదిరింపని కొట్టిపారేయకండి. పురుగుమందు, మాత్రల డబ్బాలు తాళం వేయండి, ఒంటరిగా వదలకండి, 14416. అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే ఆ 2017 చట్టం చూస్తుంది, కేసు భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయకండి.

మీరు మీ గురించి ఒక్క వాక్యమే రాశారు, "నాకేం పర్లేదు, నేను తట్టుకున్నాను" అని. రాత్రి పదకొండు దాటాక తమ్ముడి ఫోన్ రాకపోతే మీకు కడుపులో తిప్పుతుందనీ అదే వాక్యంలో ఉంది. తాగేవాళ్ల కుటుంబాలకు అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. తమ్ముడు చేరినా చేరకపోయినా మీరు వెళ్లొచ్చు.

ఇక పాప. ఎనిమిదేళ్ల పిల్లకు అన్నీ తెలుసు, ఎవరూ చెప్పనిది మాత్రం తన తప్పేమోనని అనుకుంటుంది. "నాన్న ఊరెళ్లాడు" అని చెప్పకండి. "నాన్నకు ఒక జబ్బు ఉంది, మందు తాగకుండా ఉండలేని జబ్బు. ఆసుపత్రిలో పది రోజులుంటాడు. నీ వల్ల రాలేదు, నువ్వు నయం చేయక్కర్లేదు. రాత్రి భయమేస్తే అత్తకు ఫోన్ చెయ్" అని చెప్పి, మీ నంబరు పాప స్కూలు డైరీ మొదటి పేజీలో రాసి పెట్టండి.